ఎన్ని సైటేషన్లకు ఎంత ప్రభావం?

1970 జూన్‌లో ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ అనే పత్రికలో పదకొండు పేజీల పరిశోధన పత్రం ఒకటి వచ్చింది. రాసినవారు ఎడ్గర్ ఎఫ్. కాడ్. ఇంగ్లండులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, ఆ తర్వాత అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరిన మనిషి. అప్పటికే కంప్యూటర్లలో సమాచారం గుట్టలుగా పోగుపడుతోంది. కానీ అందులోంచి ఒక్క ముక్క బయటికి తీయాలన్నా అది ఏ ఫైలులో ఉంది, ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకు దారి ఉంది అన్నది ప్రోగ్రాం రాసేవారికి క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. నిల్వచేసే పద్ధతి కాస్త మారితే చాలు, అప్పటిదాకా రాసిన ప్రోగ్రాములు పనికిరాకుండా పోయేవి. సమాచారాన్నంతా పట్టికలుగా చూడండి, ఏం కావాలో మాత్రం చెప్పండి, అది ఎక్కడుందో వెతికే భారం యంత్రానికి వదిలేయండి అన్నది కాడ్ ప్రతిపాదన. పట్టికల మీద చేసే పనులకు ఆయన సమితి సిద్ధాంతం నుంచి గణితాధారం చూపించారు.

ఇవాళ బ్యాంకు ఖాతా, రైలు టికెట్, కాలేజీ మార్కుల జాబితా, ఆస్పత్రి బిల్లు లాంటి వాటి వెనక ప్రపంచమంతటా నడుస్తున్న డేటాబేసుల్లో అత్యధికం ఆ ఆలోచనలోంచి వచ్చినవే. 1981లో కాడ్‌కు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు దక్కింది.

గూగుల్ స్కాలర్‌లో ఆ పత్రం కోసం వెతికితే దాని కింద సైటేషన్ల సంఖ్య పది వేలు దాటి కనిపిస్తుంది. అంటే తర్వాత వచ్చిన పది వేలకు పైగా రచనలు తమ ఆధారాల జాబితాలో దాని పేరు చెప్పాయన్నమాట. పెద్ద సంఖ్యే. అయితే అదే డేటాబేస్ రంగంలో అంతకన్నా చాలా ఎక్కువ సైటేషన్లున్న పత్రాలు కూడా ఉన్నాయి. అలాగని వాటి ప్రభావం కాడ్ పత్రాన్ని మించినదని ఆ రంగం తెలిసినవారెవరూ అనరు. మరి ఆ సంఖ్య దేన్ని కొలుస్తున్నట్టు? ఉద్యోగాలు, పదోన్నతులు, ప్రాజెక్టు నిధులు, విశ్వవిద్యాలయాల ర్యాంకులు ఇప్పుడు ఆ అంకెల చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి ఈ ప్రశ్న పరిశోధకులకే పరిమితమైనది కాదు.

న్యాయవాదుల నుంచి వచ్చిన పద్ధతి

సైటేషన్లను వరసగా రాసిపెట్టడం సైన్సులో పుట్టిన అలవాటు కాదు. 1873లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన న్యాయవాదుల కోసం ఒక సూచిక మొదలుపెట్టారు. ఒక తీర్పును ఆ తర్వాత ఏయే తీర్పులు ప్రస్తావించాయి, ఎవరు సమర్థించారు, ఎవరు కొట్టేశారు అన్నది అందులో దొరికేది. ఇవాళ హైదరాబాద్, అమరావతి హైకోర్టుల్లో వాదించే వకీళ్లు కూడా ఒక పాత తీర్పును ముందుపెట్టే ముందు అది ఇంకా నిలిచి ఉందో లేదో చూసుకుంటారు. చెల్లని తీర్పును పట్టుకుని వాదిస్తే పరువు పోతుంది.

ఈ పద్ధతి సైన్సుకు కూడా కావాలని 1955లో ‘సైన్స్’ పత్రికలో రాసినవారు యూజీన్ గార్ఫీల్డ్. ఒక పత్రంలో తప్పుందని తర్వాత ఎవరో తేల్చి ఉండవచ్చు. ఆ సంగతి తెలియక మరొకరు దాన్నే నమ్మి పని సాగించవచ్చు. ఫలానా పత్రాన్ని ఎవరెవరు ప్రస్తావించారో ఒకచోట దొరికితే ఆ ప్రమాదం తగ్గుతుందని ఆయన వాదన. ఫిలడెల్ఫియాలో ఆయన పెట్టిన సంస్థ నుంచి 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ వచ్చింది. అంటే అది మొదట వెతుక్కోవడానికి చేసిన సాధనం, మనుషులకు మార్కులు వేయడానికి కాదు. కానీ జాబితా తయారయ్యాక లెక్కపెట్టడం ఎంతసేపు? పత్రాలను లెక్కపెట్టారు, ఆ లెక్కతో పత్రికలకు ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ కట్టారు, చివరికి మనుషుల దగ్గరికి వచ్చారు.

ఇక్కడే ఒక నష్టం జరిగింది. షెపర్డ్ సూచికలో సమర్థన వేరు, ఖండన వేరు. సైన్సులో లెక్కపెట్టేటప్పుడు ఆ తేడా చెరిగిపోయింది. ఒక పద్ధతిని వాడుకుని కృతజ్ఞతగా పేరు చెప్పినా, అది తప్పని నిరూపించడానికి పేరెత్తినా, చదవకుండానే ఉపోద్ఘాతంలో ఆనవాయితీగా పది పేర్ల మధ్య ఇరికించినా, లెక్కలో అన్నీ ఒకటి కింద లెక్కే.

హెచ్-ఇండెక్స్ కట్టే తీరు

మనిషికి ఒక్క అంకె కావాలన్న కోరికకు 2005లో సమాధానం దొరికింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియాగోలోని భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ అది. కట్టడం తేలిక. పరిశోధకుల పత్రాలను సైటేషన్ల ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేర్చాలి. వరస సంఖ్య కన్నా సైటేషన్లు తగ్గకుండా ఎంతవరకు దిగగలమో అదే హెచ్.

ఒక పరిశోధకురాలికి తొమ్మిది పత్రాలున్నాయనుకుందాం. వాటి సైటేషన్లు వరసగా 120, 60, 30, 11, 9, 6, 5, 2, 0. ఆరో పత్రానికి 6 ఉన్నాయి, సరిపోయింది. ఏడో దానికి 7 కావాలి, 5 మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఆమె హెచ్-ఇండెక్స్ 6. గూగుల్ స్కాలర్ చూపించే ఐ10 అనే మరో సూచిక ఇంకా సులువు: పది, అంతకన్నా ఎక్కువ సైటేషన్లున్న పత్రాలెన్ని? ఈమెకు నాలుగు.

ఈ ఏర్పాటులో తెలివి ఉంది. ఎవరూ పట్టించుకోని పత్రాలు వంద గుప్పించినా హెచ్ పెరగదు. ఏదో ఒక పత్రం అదృష్టవశాత్తూ పేలినా పెరగదు. నిలకడగా, పదిమందికి పనికొచ్చే పని చేస్తేనే మెల్లగా ఎక్కుతుంది. కానీ ఆ తెలివి వెనకే దాని గుడ్డితనం కూడా ఉంది. పై వరసలో మొదటి పత్రానికి 120 బదులు 12,000 సైటేషన్లు వచ్చాయనుకోండి. హెచ్ ఆరు దగ్గరే ఉంటుంది. ఒక రంగం నడకను మార్చేసిన పత్రమూ, ఓ మోస్తరు పత్రమూ దాని కంటికి ఒక్కటే. ఈ లోటు తీర్చడానికి 2006లో లియో ఎగ్గే జీ-ఇండెక్స్ తెచ్చారు. అందులో పై వరస పత్రాల మొత్తం సైటేషన్లు లెక్కకొస్తాయి. అయినా వాడుకలో నిలిచింది హెచ్చే.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో భౌతికశాస్త్రవేత్తకు శాశ్వత పదవి రావడానికి సుమారు 12, ప్రొఫెసర్ కావడానికి సుమారు 18 ఉండవచ్చని హిర్ష్ ఆ పత్రంలోనే ఒక అంచనా ఇచ్చారు. స్ట్రింగ్ సిద్ధాంతంలో దిగ్గజం ఎడ్వర్డ్ విటెన్‌కు అప్పటికి 110 అని కూడా చూపించారు. ఆ అంకెలు భౌతికశాస్త్రానివి. గణితంలో పత్రాలు తక్కువ, వాటిలో ఆధారాల జాబితాలు పొట్టివి. వైద్యంలో రెండూ ఎక్కువే. కాబట్టి ఒక గణితజ్ఞురాలి 15నూ ఒక జీవశాస్త్రవేత్త 40నూ పక్కపక్కన పెడితే రెండు రంగాల అలవాట్లు తెలుస్తాయి తప్ప ఎవరు గొప్పో తేలదు. ఈ సూచిక వల్ల కలిగే చెడు ఫలితాల గురించి 2020లో హిర్షే స్వయంగా రాశారు.

సదస్సులే పత్రికలైన రంగం

డేటాబేస్ రంగానికి వస్తే ఇంకో చిక్కు. చాలా శాస్త్రాల్లో అసలైన పరిశోధన జర్నల్లో వస్తుంది. సదస్సులో చదివేది దానికి ముందస్తు పరిచయం లాంటిది. కంప్యూటర్ సైన్సులో అలా కాదు. డేటాబేస్ పరిశోధకులు తమ మంచి పనిని ముందుగా పంపేది సిగ్మాడ్, వీఎల్‌డీబీ అనే రెండు వార్షిక సదస్సులకు. అక్కడ నిపుణుల వడపోత గట్టిగా ఉంటుంది, ఎక్కువ పత్రాలు తిరిగివస్తాయి. గార్ఫీల్డ్ సంప్రదాయంలో పెరిగిన సూచికలు మాత్రం ఏళ్ల తరబడి జర్నళ్లనే ప్రధానంగా లెక్కపెట్టాయి. దాంతో ఈ రంగంలో మేటి పత్రాలకు ఆ సూచికల్లో సరైన చోటు దక్కేది కాదు.

దీన్ని అంకెలతో చూపించినవారు జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్హార్డ్ రామ్, ఆండ్రియాస్ థోర్. ఇద్దరూ డేటాబేస్ పరిశోధకులే. సిగ్మాడ్, వీఎల్‌డీబీ సదస్సులతో పాటు ఆ రంగంలోని మూడు పత్రికల్లో 1994 నుంచి 2003 దాకా వచ్చిన పత్రాలను తీసుకుని, వాటి సైటేషన్లను గూగుల్ స్కాలర్ నుంచి సేకరించి పోల్చారు. 2005 డిసెంబరులో ‘సిగ్మాడ్ రికార్డ్’లో వచ్చిన ఆ అధ్యయనం తేల్చిందేమంటే, సదస్సు పత్రాల సైటేషన్ ప్రభావం జర్నల్ వ్యాసాలకన్నా బాగా ఎక్కువ. జర్నళ్లనే లెక్కపెట్టే కొలబద్దతో ఒక డేటాబేస్ పరిశోధకుణ్ణి కొలిస్తే ఆయన చేసిన పనిలో మెరుగైన భాగమే లెక్కలోకి రాదన్నమాట. పైగా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కట్టేటప్పుడు అంతకుముందు రెండేళ్లలో వచ్చిన వ్యాసాలనే చూస్తారు; పునాదులు లోతుగా వేసే రంగానికి ఆ గడువు చాలదు. ఒక ఆలోచన పత్రం నుంచి నమూనాకు, నమూనా నుంచి సరుకుకు చేరడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది.

లెక్కపెట్టడమే ఒక డేటాబేస్ సమస్య

రామ్, థోర్ చేసిన పనిలో కష్టమంతా లెక్కలో లేదు, లెక్కకు ముందు శుభ్రం చేయడంలో ఉంది. గూగుల్ స్కాలర్ 2004లో మొదలైంది. యంత్రాలే వెబ్ అంతా తిరిగి పత్రాలు పట్టుకొచ్చి, వాటి చివర ఉన్న ఆధారాల జాబితాలను చదివి లెక్కగడతాయి. ఆ జాబితాల్లో ఒకే పత్రం పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట సగం, మరోచోట అచ్చుతప్పుతో ఉంటుంది. సంవత్సరం మారుతుంది, రచయిత పేరులో అక్షరం పోతుంది. ఒకే పని ముందు సంస్థ నివేదికగా, తర్వాత సదస్సు పత్రంగా, ఆపై జర్నల్ వ్యాసంగా వస్తుంది. వీటిని ఒకటిగా కలపాలా, విడిగా ఉంచాలా? కలిపితే సైటేషన్లు ఒకచోట చేరతాయి. విడిగా ఉంచితే చీలిపోతాయి, హెచ్ మారిపోతుంది.

రెండు రికార్డులు ఒకే వస్తువును సూచిస్తున్నాయా అని తేల్చడం డేటాబేస్ శాస్త్రంలో పాత సమస్య. 1969లోనే ఐవాన్ ఫెలెగి, అలన్ సంటర్ దీనికి సంభావ్యతా సిద్ధాంతంతో ఒక చట్రం కట్టారు. రామ్ పరిశోధనలో పెద్ద భాగం ఈ శుభ్రతా పనే. లైప్‌జిగ్ బృందం సైటేషన్ల కోసం పోగేసిన రకం సమాచారాన్నే తర్వాత పరీక్షా సామగ్రిగా మలిచింది. డీబీఎల్‌పీ అనే కంప్యూటర్ సైన్సు ప్రచురణల సూచికలోని పత్రాలను గూగుల్ స్కాలర్‌లోని వాటితో ఎంత బాగా జతపరచగలవో చూసి కొత్త పద్ధతుల సత్తా తేలుస్తారు. ఇలా సైటేషన్లు లెక్కపెట్టడంలో ఎదురైన ఇబ్బందే కొత్త పరిశోధనకు ముడిసరుకయింది.

డీబీఎల్‌పీ సంగతి కూడా చెప్పుకోవాలి. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లై అనే ఆయన కొన్ని వెబ్ పేజీలతో దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో డేటాబేసులు, లాజిక్ ప్రోగ్రామింగ్ పత్రాల జాబితా మాత్రమే. ఇప్పుడు కంప్యూటర్ సైన్సు మొత్తానికీ చెందిన 70 లక్షలకు పైగా ప్రచురణల వివరాలు అందులో ఉన్నాయి. దాని నిర్వాహకులకు తీరని తలనొప్పి పేర్లు. వెయ్ వాంగ్ అనే చైనా పేరుతో వందకు పైగా వేర్వేరు పరిశోధకులున్నారు. పేరు చివర 0001, 0002 అని అంకెలు తగిలించి వాళ్లను వేరుచేస్తున్నారు.

తెలుగువారి పేర్లదీ ఇదే కథ. గుడిపాటి వెంకట సుబ్బారావు అనే పరిశోధకుడు ఉన్నాడనుకుందాం. ఒక పత్రంలో జి.వి. సుబ్బారావు అవుతాడు, ఇంకోదానిలో వెంకట సుబ్బారావు గుడిపాటి. చివరి ముక్కే ఇంటిపేరనుకునే పాశ్చాత్య పద్ధతిలో ‘రావు, జి.వి.ఎస్.’ అయిపోయి ఇంకెందరో రావుల మధ్య కలిసిపోతాడు. ‘రెడ్డి, కె.’ అన్న పేరు కింద ఎందరి పత్రాలు కుప్పపడతాయో ఊహించండి. ఇంటిపేరు ముందుండే మన ఆనవాయితీ ఆ యంత్రాలకు తెలియదు. పెళ్లి తర్వాత పేరు మారిన మహిళా పరిశోధకుల పని రెండు చోట్ల చీలిపోతుంది. దీనికి విరుగుడుగా 2012లో ఆర్కిడ్ అనే పదహారు స్థానాల గుర్తింపు సంఖ్య వచ్చింది. ఉచితంగా తీసుకోవచ్చు. తీసుకుని, ప్రతి పత్రంలోనూ వాడితేనే ఫలితం.

ఇంత చిక్కు ఉంది కాబట్టే ఒకే మనిషికి మూడు చోట్ల మూడు హెచ్-ఇండెక్సులు కనిపిస్తాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ముందస్తు ప్రతులు కూడా పోగేస్తుంది కనుక దాని అంకె సాధారణంగా పెద్దది. ఎంపిక చేసిన పత్రికలనూ సదస్సులనూ మాత్రమే తీసుకునే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అంకెలు చిన్నవి. ఎక్కడ, ఏ తేదీన చూసిందో చెప్పని హెచ్-ఇండెక్స్‌కు అర్థం లేదు.

ప్రశ్న తెరిచిన పత్రం, ప్రశ్న మూసిన పత్రం

పేర్లన్నీ సరిచేసి, పత్రాలన్నీ కలిపి, లెక్క తప్పులేకుండా కట్టామనుకుందాం. అప్పుడైనా ఆ సంఖ్య ప్రభావాన్ని చెబుతుందా? ఐబీఎం ఆల్మడెన్ పరిశోధనశాలలోనే పుట్టిన రెండు పనులను పోల్చి చూద్దాం.

మొదటిది రాకేశ్ అగ్రవాల్ బృందానిది. సూపర్‌మార్కెట్ బిల్లులు లక్షల్లో ఉన్నాయి. ఏ వస్తువు కొన్నవారు ఏ వస్తువు కూడా కొంటున్నారు? 1993లో సిగ్మాడ్ సదస్సులో అగ్రవాల్, ఇమియెలిన్‌స్కీ, స్వామి కలిసి ఈ ప్రశ్నను కచ్చితమైన రూపంలో పెట్టారు. మరుసటి ఏడాది వీఎల్‌డీబీలో అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ దానికి ‘అప్రియోరి’ అనే వేగవంతమైన పద్ధతి ఇచ్చారు. దాని కీలకం చాలా తేలిక. రెండు వస్తువుల జంటే అరుదైతే, ఆ జంట ఉన్న మూడు వస్తువుల గుంపు ఇంకా అరుదు, కాబట్టి దాన్ని వెతకనక్కర్లేదు. ఈ రెండు పత్రాలకూ గూగుల్ స్కాలర్‌లో విడివిడిగా 20 వేలకు పైగా సైటేషన్లున్నాయి. ఎందుకన్ని? ఆ ప్రశ్నకు అంతులేని రూపాలున్నాయి. వరస క్రమం కలిపితే ఒక పత్రం, కాలం కలిపితే ఇంకోటి, మందులకు అన్వయిస్తే మరొకటి. ఇంకా వేగం పెంచే ప్రయత్నాలు వందలు. తర్వాత గూగుల్ స్థాపించిన సెర్గీ బ్రిన్ కూడా స్టాన్‌ఫర్డ్ విద్యార్థిగా 1997 సిగ్మాడ్‌లో ఇదే సమస్య మీద సహరచయితగా ఒక పత్రం ఇచ్చారు. వాళ్లందరూ మొదటి ప్రశ్న అడిగినవారి పేరు చెప్పి తీరాలి.

రెండోది సి. మోహన్ బృందానిది. ఐఐటీ మద్రాసులో చదివి ఐబీఎంలో చేరిన మోహన్, నలుగురు సహచరులతో కలిసి 1992లో ‘ఏరీస్’ అనే పద్ధతిని దాదాపు 70 పేజీల పత్రంలో వివరించారు. మీ ఖాతాలోంచి ఐదు వేలు తీసి మీ చెల్లెలి ఖాతాలో వేస్తుండగా, తీయడం అయ్యాక, వేయడానికి ముందు కరెంటు పోయిందనుకోండి. యంత్రం మళ్లీ లేచేసరికి ఆ డబ్బు ఎక్కడ ఉండాలి? ఏరీస్‌లో ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో రాస్తారు, ఆ తర్వాతే అసలు పట్టికను డిస్కు మీద మారుస్తారు. యంత్రం లేచాక మూడు సార్లు ఆ చిట్టా తిరగేస్తుంది. మొదటిసారి పడిపోయే క్షణానికి ఏవేవి సగంలో ఉన్నాయో తేలుస్తుంది. రెండోసారి జరిగినదంతా జరిగిన వరసలోనే మళ్లీ జరిపిస్తుంది. మూడోసారి పూర్తికాని లావాదేవీలను వెనక్కి తీస్తుంది. సగంలో ఆగిన పనిని కూడా ముందు మళ్లీ చేసి, తర్వాత రద్దు చేయడం వింతగా అనిపిస్తుంది గానీ, ఆ పద్ధతి వల్లే లెక్క ఎక్కడా తప్పదు.

ఐబీఎం డీబీ2, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి వ్యవస్థలు ఈ బాటలోనే నడిచాయి. ప్రపంచంలో రోజూ జరిగే లావాదేవీల్లో ఎన్నెన్నిటినో ఈ పద్ధతో దీని సంతతో కాపాడుతోంది. సైటేషన్లు మాత్రం అప్రియోరి దరిదాపుల్లో కూడా లేవు. ఏరీస్ సమస్యను అంత పూర్తిగా పరిష్కరించింది. ఆ తర్వాత పని పరిశోధకుల చేతిలోంచి ఇంజినీర్ల చేతిలోకి వెళ్లింది. ఇంజినీర్లు పత్రం చదివి కోడ్ రాస్తారు, కోడ్‌కు ఆధారాల జాబితా ఉండదు.

సైటేషన్ కొలిచేది వాడకాన్ని కాదు, తర్వాత పుట్టిన పరిశోధనను. కొత్త ప్రశ్నలు తెరిచిన పత్రానికి సైటేషన్లు వరదలా వస్తాయి. ప్రశ్నను తీర్చేసి మూసిన పత్రానికి వాడేవాళ్లు పెరుగుతారు, పేరెత్తేవాళ్లు పెరగరు. రెండూ ప్రభావాలే. ఒకటి మాత్రమే ఈ లెక్కకు అందుతుంది.

కాడ్ విషయంలో మూడో సంగతి కూడా ఉంది. ఐబీఎం శాన్‌హొసే బృందం కాడ్ ఆలోచనతో సిస్టమ్ ఆర్ అనే నమూనా కట్టి పత్రాలు ప్రచురించింది. ఐబీఎంకు అప్పటికే ఐఎంఎస్ అనే పాత పద్ధతి డేటాబేస్ వ్యాపారం ఉంది కాబట్టి తొందరపడలేదు. ఆ పత్రాలు చదివిన లారీ ఎలిసన్ సంస్థ 1979లోనే ఒరాకిల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఒక పరిశోధన పత్రం ఇంతకన్నా పెద్ద ఫలితం ఇవ్వడం అరుదు, కానీ ఒరాకిల్ అమ్మిన ఒక్క ప్రతి కూడా సైటేషన్‌గా నమోదు కాలేదు. ఇక పట్టికల ఆలోచన పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లాక పరిశోధకులు కూడా కాడ్ పేరు చెప్పడం తగ్గించారు. అందరికీ తెలిసినదానికి ఆధారం ఎవరు చూపిస్తారు? సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ పరిణామాన్ని ఎప్పుడో గుర్తించారు: ఆలోచన ఎంతగా అందరిదైతే, దాని మూలకర్త పేరు అంతగా చెరిగిపోతుంది.

అంకె లక్ష్యమైతే

అంకెను పెంచుకునే దారులు కూడా ఉన్నాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే. 2001లో రామ్, ఫిలిప్ బెర్న్‌స్టీన్ కలిసి ఒక సమీక్షా వ్యాసం రాశారు. రెండు సంస్థల డేటాబేసుల్లో ఏ గడి ఏ గడికి సరిపోతుందో యంత్రమే కనిపెట్టే పద్ధతులన్నిటినీ అందులో వర్గీకరించారు. అదే ఏడాది వాళ్లిద్దరూ జయంత్ మాధవన్‌తో కలిసి ‘క్యూపిడ్’ అనే కొత్త పద్ధతిని కూడా ఇచ్చారు. సైటేషన్లు సమీక్షకే ఎక్కువ, పదేళ్ల తర్వాత వీఎల్‌డీబీ పురస్కారం వచ్చింది క్యూపిడ్‌కు. సమీక్ష రాయడం గొప్ప సేవే, చదివేవారికి దారి చూపుతుంది. కానీ ఆ సైటేషన్లు కొత్తదనానికి వచ్చినవి కావు, దారి చూపినందుకు వచ్చినవి.

అన్యాయమైన దారులు వేరు. తన పత్రాలను తానే ఎత్తిచూపుకోవడం, నలుగురు కలిసి ఒకరి పేరు ఒకరు చెప్పుకోవడం, సమీక్షకుడి కుర్చీలో కూర్చుని నా పత్రాలు చేర్చండి అని నొక్కడం. ఇది ఎంతవరకు పోగలదో 2010లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సిరిల్ లాబే చూపించారు. ఐక్ ఆంట్‌కేర్ అనే లేని శాస్త్రవేత్తను పుట్టించి, యాంత్రికంగా తయారయ్యే అర్థంలేని పత్రాలు వందదాకా ఆ పేరుతో వెబ్‌లో పెట్టారు. అన్నీ ఒకదాన్నొకటి ప్రస్తావించుకున్నాయి. గూగుల్ స్కాలర్ లెక్కలో ఆ లేని మనిషి హెచ్-ఇండెక్స్ 94కు చేరింది. ఒక కొలత లక్ష్యంగా మారిన రోజు అది మంచి కొలతగా మిగలదని ఆర్థికవేత్తలు చెప్పే గుడ్‌హార్ట్ సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేసింది.

జాబితాల్లో మనవాళ్లు

ఏటా తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త కనిపిస్తుంది: మన విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ప్రపంచంలోని టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో చోటు సంపాదించారని. దీన్ని స్టాన్‌ఫర్డ్ జాబితా అంటారు గానీ, అది ఆ విశ్వవిద్యాలయం ఇచ్చే పురస్కారం కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్, సహచరులతో కలిసి స్కోపస్ సమాచారంతో తయారుచేసే సైటేషన్ల పట్టిక. చేసిన తీరులో జాగ్రత్త ఉంది. ఒక్క అంకె మీద ఆధారపడకుండా ఆరు సూచికలను కలుపుతారు. స్వీయ సైటేషన్లు తీసేసిన అంకెను కూడా ఇస్తారు. 22 రంగాలు, 170కి పైగా ఉపరంగాలుగా విడదీసి ఎవరి రంగంలో వారిని పోలుస్తారు. మొత్తం వృత్తి జీవితానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఇంకో జాబితా. వార్తలో ఏ జాబితానో సాధారణంగా ఉండదు, ఆ రెంటికీ తేడా మాత్రం చాలా ఉంది.

ఆ ఆరు సూచికల్లో కొన్ని మొదటి రచయితకూ చివరి రచయితకూ ఎక్కువ విలువిస్తాయి. ప్రయోగశాల శాస్త్రాల్లో పని చేసినవారు మొదట, బృంద నాయకులు చివర ఉంటారు కాబట్టి అది సబబే. కంప్యూటర్ సైన్సులో సిద్ధాంత విభాగాల్లో మాత్రం పేర్లను అక్షరక్రమంలో రాసే ఆనవాయితీ ఉంది. అక్కడ చివరి స్థానం ఎవరికి దక్కుతుందో వారి ఇంటిపేరు మొదటి అక్షరం నిర్ణయిస్తుంది.

అందుకే 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, 2015లో ‘నేచర్’లో పది సూత్రాలతో వచ్చిన లైడెన్ ప్రకటన ఒకే మాట అన్నాయి. అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలి, దాని స్థానంలోకి రాకూడదు. డేటాబేస్ రంగం దీన్ని ఆచరణలో పెట్టిన ఒక దారి ఉంది. సిగ్మాడ్, వీఎల్‌డీబీ ఏటా పదేళ్ల నాటి పత్రాలను వెనక్కి తిరిగి చూస్తాయి. నిపుణుల కమిటీ కూర్చుని పరిశోధన మీద, సరుకుల మీద, వాడుక మీద ఏ పత్రం ఎక్కువ ప్రభావం చూపిందో చర్చించి పురస్కారం ఇస్తుంది. అగ్రవాల్ బృందం పత్రానికి 2003లో సిగ్మాడ్ నుంచి, అప్రియోరికి 2004లో వీఎల్‌డీబీ నుంచి ఆ గౌరవం దక్కింది. ఏరీస్ పనికి అంతకుముందే, 1999లో వీఎల్‌డీబీ ఇచ్చింది. సైటేషన్ల లెక్కలో ఎంతో దూరంగా ఉన్న రెండు పనులు చదివి తూచినవారి ముందు ఒకే వరసలో నిలిచాయి.

ఈ పద్ధతి ఖరీదైనది. పదేళ్లు ఆగాలి, చదవగలిగినవారు కావాలి, వారికి తీరిక కావాలి. రేపు ఇంటర్వ్యూ పెట్టుకున్న ఎంపిక కమిటీకి అంత సమయం ఉండదు. అయినా అది చేయగల పని ఒకటుంది. అభ్యర్థి నుంచి హెచ్-ఇండెక్స్ అడగడానికి బదులు, తన పత్రాల్లో మూడింటిని ఎంచి ఇమ్మనవచ్చు. వాటిని ప్రస్తావించిన పత్రాల్లో కొన్నిటిని తెరిచి, ఏ వాక్యంలో ఎందుకు ప్రస్తావించారో చూడవచ్చు. ఆ పనిని ఎవరైనా కోడ్‌గా మలిచారా, ఏదైనా సంస్థ వాడుతోందా అని విచారించవచ్చు. ఇందుకు పట్టేది ఒక్కో అభ్యర్థికి ఒక పూట. ముప్పై ఏళ్లు కొలువులో ఉండబోయే మనిషిని ఎంచుకోవడానికి అది పెద్ద ఖర్చేమీ కాదు.